ఉల్లికొండకు గునపం ఎందుకు ఎక్కదు

చైత్రంలో ఉల్లికొండకు వచ్చే భక్తులకు తూర్పు వాలంతా తెల్లగా కనిపిస్తుంది. అది నక్కఉల్లి పూసే కాలం. ఎండిన ఎర్రనేలలోంచి ఒక్క ఆకైనా లేకుండా మూరెడు కాడ లేస్తుంది. ఆరు రేకుల పూలు దానిపై కింది నుంచి పైకి విచ్చుకుంటాయి. ఆకు వచ్చేది వానలు పడ్డాకే. పడమటి వాలున మాత్రం ఈ మొక్క అరుదు.

పూర్వం ఇక్కడ కురబలు గొర్రెలు కాచుకునేవారు. ఏటా మాఘంలో మంద తోలుకుని దిగిపోయి, వానలకు తిరిగొచ్చేవారు. అందుచేత నక్కఉల్లి ఆకునే గాని పువ్వును ఎరగరు. ఒక కరువు ఏడాది వారిలో ఓబులమ్మ అనే ఆమె భర్త గంగులప్ప, ఈ కొండకే తిరిగొస్తానని చెప్పి మేత వెతకబోయాడు. అతని కోసం ఆగినవారికి ఫాల్గుణం వచ్చింది. ఆకులన్నీ మాడాయి. కొండ చచ్చిందని, ఇక శాశ్వతంగా వదిలిపోవాలని పెద్దలు తేల్చారు. భర్త వస్తే ఎవరూ ఉండరని ఓబులమ్మకు బెంగ పట్టుకుంది.

ఆకు మాడితే నక్కఉల్లి గడ్డలో చేదు పోతుందని లెక్కవేసి, మరిది మారెన్న గొర్రెల కోసం పడమటి వాలంతా తవ్వించాడు. గొర్రెలు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. తూర్పు గడ్డలైనా తింటాయేమోనని అతడు అటు గునపం ఎత్తాడు.

అంతకుముందే ఓబులమ్మకు కలలో ఒక ముసలమ్మ కనిపించి, "నిద్రపోతుంటే చచ్చానంటారేం? నామీద గునపం పడనీకు" అంది. ఓబులమ్మ వెళ్లి తూర్పు వాలున ఒక రాయికి ఆనుకుని కూర్చుంది.

"అన్న గడ్డలోంచి మొలుస్తాడా వదినా, కాపలా కాస్తున్నావు?" అన్నాడు మారెన్న.

"ముందు నన్ను తవ్వు. తర్వాత నేలను తవ్వుదువు."

వదిన మాట తీసెయ్యలేక అతడు ఆ ఒక్క పొద్దుకు ఆగాడు. పొద్దు వాలేసరికి ఆమె చుట్టూ కాడలు లేచి పూశాయి. మారెన్న గునపం లోయలోకి విసిరేశాడు. కొండ బతికే ఉందని పెద్దలు మందను కదల్చలేదు.

వానలకు ఆకుతోపాటు గంగులప్పా వచ్చాడు. పువ్వు సంగతి చెబితే నవ్వాడు. మరుసటి చైత్రంలో కళ్లారా చూశాకే నమ్మాడు.

ఓబులమ్మ ఆనుకున్న రాయే, సగం నేలలో మునిగిన ఉల్లిగడ్డలా, నేటి ఉల్లికొండమ్మ. కొండపైకి నేటికీ గునపం తేరు. దూరాన ఉన్నవారు క్షేమంగా ఇల్లు చేరాలని మొక్కుకునేవారు, రాలిన నల్లని విత్తనాలు ఏరి పడమటి వాలున చల్లుతారు. మారెన్న వంశీకులే మొదటి పిడికెడు చల్లాలి. నిరుడు అక్కడ ఏడు కాడలు పూశాయి.