బొట్టు పెట్టి అమ్మిన భరిణెలు

సింహాద్రాచారి దగ్గర ఆరేళ్లుగా లక్కపని నేర్చుకుంటున్న నూకరత్నానికి ఒకటే బెంగ. ‘ఇక సొంతంగా కొట్టు పెట్టుకోమ్మా’ అన్న మాట గురువు నోట రావడం లేదు. ఆ మాట రాకుండా వాళ్ల ఊళ్లో ఎవరూ విడిగా పని మొదలుపెట్టరు.

ఆమె పనికి వంక పెట్టడానికి లేదు. తిరుగుతున్న కర్రకి లక్క అద్ది, మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెప్పించడంలో గురువుకి తీసిపోదు. అమ్మకంలోనైతే ఆయన్ని ఎప్పుడో దాటిపోయింది. ఆయన చేసిన బొమ్మలు అరల్లో దుమ్ము కొట్టుకుపోతుంటే, రత్నం చేసిన కుంకుమ భరిణెలు వారం తిరక్కుండా విశాఖపట్నంలో చెల్లిపోతున్నాయి.

అదీ దుకాణాల్లో కాదు, ఇళ్లల్లో. ఎవరో ఒకావిడ తనింటికి పదిమందిని పిలుస్తుంది. కాఫీలు, పకోడీలు, కబుర్లు. మధ్యలో రత్నం సంచి విప్పుతుంది. సాయంత్రానికి సంచి ఖాళీ.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“గురువుగారూ, నాకింకా ఏటి రాదో చెప్పండి. అదీ నేర్చుకుంటాను.”

“పని వచ్చీసింది,” అన్నాడు ఆచారి. “నీ అమ్మకమే నేను సూడనేదు.”

రత్నానికి నవ్వాగలేదు. ఆగదు మరి. ‘ఇది తీసుకోండి’ అని జన్మలో ఒక్కరితో అనడం చేతకాని మనిషి, తన అమ్మకం చూస్తానంటున్నాడు!

“అయితే శనివారం రండి,” అంది.

శనివారం పొద్దున్నే ఆచారి, రత్నం అమ్మకానికి చేసిన పన్నెండు భరిణెలూ వరసగా పెట్టి, ఒక్కొక్కదాని మూత తిప్పి, వెలుతురులో పెట్టి చూశాడు. పన్నెండూ ఒకే రోజు చేసినవే.

“బాగున్నాయి,” అన్నాడు.

ఆయన నోట ఆ మాట వినడమే పండగ. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, రత్నం దారిపొడుగునా తన కిటుకులు చెబుతూనే ఉంది.

“ఎవరింట్లో పెడతామన్నదే అసలు సంగతండి. ఇవాళ కామేశ్వరి టీచరుగారి ఇల్లు. ఆవిడ ట్యూషన్లు చెప్తారు. పిల్లల తల్లులందర్నీ పిలిచేరు. టీచరు పిలిస్తే మానీస్తారేటి?”

ఆచారి బయటికి చూస్తూ ఊకొట్టాడు.

“ఇంకో కిటుకుంది. అది అక్కడే చూద్దురు గాని.”

మూడో అంతస్తులో ఇల్లు. టీచరుతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లు. “మా గురువుగారు” అని రత్నం చెప్పగానే అందరూ నమస్కారాలు పెట్టారు. ఆచారి గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

రత్నం కర్ర గురించి, రంగుల గురించి రెండు మాటలు చెప్పింది. తర్వాత లేచి, ఒక్కొక్కరికీ నుదుట బొట్టు పెట్టి, వాయనం ఇచ్చినట్టు దోసిట్లో ఒక్కో భరిణె పెట్టుకుంటూ వెళ్లింది.

“ఉంచుకోండమ్మా. డబ్బులదేముంది, వెళ్లేటప్పుడు ఇద్దురు.”

బొట్టు పెట్టి చేతిలో పెట్టిన కుంకుమ భరిణెని ఏ ముత్తైదువా వెనక్కివ్వదు, అశుభమని. అటు చూస్తే టీచరు, ఇటు చూస్తే కుంకుమ. ఇక కదలడానికెక్కడుంది! ఒకావిడ మొహమాటంగా నవ్వి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఇంకొకావిడ మూతైనా తీయకుండా ఒళ్లో పెట్టుకుని పకోడీ అందుకుంది. టీచరు తన భరిణెని తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టేసింది.

పేచీ పెట్టింది ఒక్క ఇందుమతే. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. చేతిలో పెట్టిన భరిణెని అటూ ఇటూ తిప్పి, “మూత కాస్త వదులుగా లేదూ?” అంది. పక్కావిడ చేతిలోది అడిగి తీసుకుంది. రెండూ పక్కపక్కన పెట్టింది. “ఈ ఎరుపు, ఆ ఎరుపు ఒకటి కాదే!” అంది. ఇంకో ఇద్దరి దగ్గరా తీసుకుని, మూతలు పెట్టీ తీసీ, చివరికి ఒకటి ఉంచుకుని మిగతావి తిరిగిచ్చేసింది. ఏది ఎవరికి మారిందో ఆ ముగ్గురికీ పట్టనే లేదు. ఈవిడ ఇక్కడికి రాకపోతే ఈపాటికి ఇంటికి వెళ్లిపోదుం కదా అని రత్నం లోపల్లోపల విసుక్కుంది.

ఏమైతేనేం, పన్నెండూ అయిపోయాయి. చూశారా అన్నట్టు రత్నం గురువు వైపు తిరిగింది.

ఆచారి లేచి నిలబడి చేతులు జోడించాడు.

“అమ్మా, క్షమించండి. ఈ భరిణెల్లో లోపం ఉంది. ఇచ్చీండి, పట్టుకెళ్లిపోతాం.”

రత్నం తప్పు విన్నానేమో అనుకుంది. పొద్దున ‘బాగున్నాయి’ అన్నది ఈయనే కదా! వచ్చే నెలలో అమ్మకం పెట్టుకోవలసిన ఇళ్లు మూడు, ఆ మూడిళ్ల వాళ్లూ ఇక్కడే కూర్చున్నారు. లోపమున్న సరుకు తెస్తుందన్న పేరు పడ్డాక ఇక కొట్టెందుకు, పనెందుకు? పదిమందిలో కన్నతండ్రి చెంప మీద కొట్టినట్టయింది ఆమెకి.

అసలు నిర్ఘాంతపోవలసిన సంగతి ఆ తర్వాత జరిగింది.

ఆడవాళ్ల మొహాలు విచ్చుకున్నాయి.

“అయ్యో, దానికేముందండీ!” అంటూ మొదటి భరిణె వచ్చి రత్నం ఒళ్లో పడింది. వెనకే రెండోది. హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నావిడ అడుగు దాకా వెతికి మరీ తీసింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లినావిడ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

“మళ్లీ చేసి పంపిస్తానండి,” అని రత్నం గొణిగింది.

“తొందరేం లేదమ్మా. అసలు శ్రమే పెట్టుకోకు.”

టీచరు కూడా దేవుడి గదిలోంచి తనది తెచ్చి ఇచ్చేసింది. “ఇంకా వాడలేదులే,” అంది.

ఒక్కరికీ కోపం రాలేదు. కోప్పడినా రత్నం ఓర్చుకునేది. అందరూ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకోవడం ఆమె కళ్లారా చూసింది. ఆరేళ్ల పని, తన చేతిపని, దించుకున్న బరువులా ఒళ్లోకి వచ్చి పడుతుంటే ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంది. పదకొండు భరిణెలు.

ఇందుమతి మాత్రం లేవలేదు. భరిణె ఆవిడ గుప్పిట్లోనే ఉంది.

“ఏం లోపం?” అని అడిగింది.

అంతమందిలో ఆ మాట అడిగింది ఆవిడొక్కతే. ఆఖరికి రత్నం కూడా అడగలేదు.

“నాలుగు తిప్పి చూసి మరీ తీసుకున్నాను నేను. లోపం ఎక్కడుందో చూపించండి. చూపిస్తే గానీ ఇవ్వను.”

ఆచారి ఆవిడ దగ్గరికి వెళ్లాడు. భరిణె కోసం చెయ్యి చాపలేదు. వంగి దణ్ణం పెట్టాడు.

“మీ దాన్లో నేదమ్మా,” అన్నాడు.