గాజుల నూకాలు అడిగే మాట

ఏటికి గట్లు కట్టని రోజుల మాట ఇది. ఏరు తనకు నచ్చిన దారిన పారేది, మనుషులు దానికి దారిచ్చి బతికేవారు. ఆ ఏటి ఒడ్డున నూకాలు అని ఒక గాజులామె ఉండేది. మొగుడు లేడు, పిల్లల్లేరు. భుజాన గాజుల మలారం, నోట్లో చల్లటి మాట, అంతే ఆమెకున్నది.

ఆడపిల్లలు గాజులకి చెయ్యి చాపి, మనసులో మాట చెప్పేసుకునేవారు. నూకాలు అంతా విని, "నే చూసుకుంటాను, దిగులు పడకు" అనేది. అన్నట్టే చూసుకునేది కూడా.

ఆ ఊళ్లో తమలపాకు తోటల రైతు బుల్లెబ్బాయి. ఆయన కూతురు వీరవేణి. వాళ్ల ఆకు బుట్టలు ఏరు దాటించే పడవవాడు పోలయ్య. బుట్టలు అందించుకుంటూ అందించుకుంటూ ఆ ఇద్దరికీ మనసులు కలిశాయి. ఆ సంగతి తెలిసింది నూకాలుకి ఒక్కదానికే.

ఇంతలో బుల్లెబ్బాయి కూతురికి వేరే సంబంధం ఖాయం చేశాడు.

"నాన్నకి చెప్పేస్తాను పిన్నీ" అంది వేణి.

"చెబితే నిన్ను గదిలో పెట్టి గొళ్లెం వేస్తాడు. పోలయ్య పడవ తగలబెడతాడు. ఇప్పటికి సరేనని తలూపు. పెళ్లి ముందు రోజు నిన్ను అతని పడవ ఎక్కిస్తాను."

"మరి అతనికి చెబుతావా?"

"సమయం చూసి చెబుతాను. ఉడుకు రక్తం కదా. నే చూసుకుంటాను, దిగులు పడకు."

వేణి తలూపింది. పిల్ల ఒప్పుకుందని ఊరంతా చెప్పుకున్నారు.

పోలయ్య రేవులో నూకాలుని ఆపాడు. "వేణి ఒప్పుకుందంట, నిజమేనా అత్తా?" పక్కనే బుల్లెబ్బాయి పాలేళ్లు. నూకాలు "నిజమే బాబూ" అంది.

సంతలో మళ్లీ అడిగాడు. పక్కనే వేణి అన్న. నూకాలు "నిజమే బాబూ" అంది.

మూడోసారి ఆమె గుమ్మంలోకే వచ్చి అడిగాడు. చుట్టుపక్కల ఎవరూ లేరు. చెప్పేయొచ్చు. కానీ ఇప్పుడు చెబితే ఈ పిల్లాడు ఆగడు, కర్ర పట్టుకుని పోతాడు, తలలు పగులుతాయి అనుకుంది.

"నిజమే బాబూ. రేపు సాయంత్రం పడవతో రేవులో ఉండు, నీతో పనుంది."

"పెళ్లివారిని దాటించాలా?" అని పోలయ్య నవ్వాడు. ఆ నవ్వు చూసైనా ఆమె చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం నూకాలు, రేవులో ఎవరి కంటా పడకూడదని, వేణిని వెంటబెట్టుకుని, మోకాల్లోతు నీళ్లలో ఏటి నడుమ ఇసుక తిన్నె మీదికి చేర్చింది. "కూర్చో తల్లీ. పోలయ్య వస్తాడు" అని చెప్పి రేవుకి వెళ్లింది.

రేవులో పడవ కట్టే గుంజ ఉంది. పడవ లేదు.

వల బాగుచేసుకుంటున్న ముసలాయన తల ఎత్తి చెప్పాడు. "పోలయ్యా? పొద్దున్నే సముద్రం వైపు పోయాడు. ఇంక ఈ ఏట్లో తెడ్డు వెయ్యనన్నాడు."

నూకాలు వెనక్కి పరిగెత్తింది. ఎగువ కొండల్లో వాన పడినట్టుంది, నీళ్లు ఎర్రబడ్డాయి. మోకాల్లోతు కాస్తా గుండెల్లోతైంది. ఆమె కేకలకి ఊరు ఊరంతా ఒడ్డుకొచ్చింది. పడవలన్నీ పెళ్లివారిని తేవడానికి ఎగువకి పోయి ఉన్నాయి.

బుల్లెబ్బాయి నీళ్లలోకి దిగాడు. తండ్రిని చూసి, తనని పట్టుకోవడానికే వస్తున్నాడనుకుంది వేణి. ఒక్కో అడుగే వెనక్కి వేసింది. ఆమె కాళ్ల కింద తిన్నె అంచు విరిగింది.

ఎర్రనీళ్లు ఆమెని లాక్కుపోయాయి.

కబురు తెలిసి పోలయ్య తిరిగొచ్చాడు. నూకాలు ముందు నిలబడ్డాడు. "సాయంత్రం పనుందన్నావు. ఇదేనా అత్తా?"

ఆమె తలూపింది.

"ఒక్క మాట చెప్పాల్సింది" అన్నాడు. వేణిని వెతుకుతానని వరదలోకే పడవ తోసుకుపోయాడు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

నూకాలు చాలా రోజులు తిండి ముట్టలేదు. తర్వాత ఒకనాడు బుల్లెబ్బాయి గుమ్మం ముందు కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"నాతో చెప్పాల్సింది" అన్నాడాయన.

"చెబితే ఏం చేసేవాడివయ్యా?"

"ఏమో. ఏం చేసేవాణ్ణో నాకే తెలియకుండా పోయింది."

ఆ తర్వాత నూకాలు మళ్లీ మలారం ఎత్తుకుంది. కానీ ఏ ఇంట పెళ్లిగాజులకి పిలిచినా, ముందు తల్లినీ తండ్రినీ ఎదురుగా కూర్చోబెట్టేది. పిల్ల చెయ్యి పట్టుకుని, "ఈ పెళ్లి నీకిష్టమేనా? నాతో కాదు, వాళ్లతో చెప్పు" అనేది. తిట్టినవాళ్లున్నారు, బయటికి గెంటినవాళ్లున్నారు. ఒక ఊళ్లో పిల్ల ఇష్టం లేదంది. తండ్రి లేచి పందిరి విప్పించాడు. ఆ పిల్లే, నూకాలు పోయినప్పుడు, కూతురిలా ఏడ్చిందంటారు.

ఇప్పటికీ ఆ ఒడ్డున పెళ్లికూతురు పైకి మాట చెప్పందే మొదటి గాజు ఎక్కించరు. చాలామంది పిల్లలు సిగ్గుపడి నవ్వేస్తారు. నవ్వితే చాలదు. ముహూర్తానికి వేళైపోతోందని ఎవరైనా తొందరపడితే, "ఉండండి, నూకాలు అడుగుతోంది" అంటారు. అప్పుడు ఇల్లంతా నిశ్శబ్దమై, ఆ పిల్ల ఏం చెబుతుందోనని వింటుంది.