ఆనపపాదు కింద పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో, ఏటిగట్టుకి దిగువన, పెరడంతా కూరపాదులున్న పెంకుటింట్లో వరాలు అనే పిల్ల ఉండేది. నీ ఈడుదే. నీలాగే కూరముక్క కనిపిస్తే చాలు, మూతి ముప్ఫై వంకర్లు తిప్పేది. ఊఁ కొట్టవేం? నీ సంగతి నాకు తెలీదనుకున్నావా?

వాళ్ళమ్మ సూరమ్మ రోజూ అన్నం కలిపి మూడు ముద్దలు చేసేది. "ఇది తాత ముద్ద, ఇది నాన్న ముద్ద" అని పప్పూ నెయ్యీ కలిపినవి రెండు పెట్టేది. మూడోది కూర ముద్ద. "ఇది మా వరాలు ముద్ద. పేరు పెట్టిన ముద్ద ఇంకొకరి నోట పడకూడదు తల్లీ, నువ్వే తినాలి" అనేది. ఎందుకో ఆవిడకీ తెలీదు. వాళ్ళమ్మ అనేదని తనూ అనేది.

ఒకరోజు మధ్యాహ్నం ఆనపకాయ కూర. వరాలు మొదటి రెండూ గుటుక్కున మింగి, మూడోది బుగ్గన పెట్టుకుంది. మూతి కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్ళి ఆనపపాదు కింద ఉమ్మేసింది.

అప్పుడు ఆకుల్లోంచి ఒక చిన్న చెయ్యి వచ్చింది. గోళ్ళ నిండా మట్టి. ఆ ముద్దని మెల్లిగా లోపలికి తీసుకుంది.

"ఇది ఎవరి ముద్ద?" అని లోపలినించి ఎవరో గుసగుసగా అడిగారు.

"వరాలు ముద్ద" అని చెప్పేసి ఒక్క పరుగున ఇంట్లోకొచ్చి పడింది పిచ్చిమొహం. అంత పరుగులోనూ కాలి గజ్జెలు మోగలేదు. ఆ తర్వాత పాదు కింద ఘల్లుఘల్లుమని ఎవరో నడిచారు.

భయపడిన పిల్ల మళ్ళీ ఎందుకు వెళ్ళిందంటావా? మర్నాడు బెండకాయ కూర మరి! ఆ జిగురు నాలిక్కి తగిలేసరికి భయం గియం గుర్తులేదు. మళ్ళీ అదే చెయ్యి, మళ్ళీ అదే ప్రశ్న.

"నాదే, తీసుకో!" అంది వరాలు. అదే ఆఖరి మాట. ఆ తర్వాత అమ్మని పిలుద్దామని నోరు తెరిస్తే ఉత్త గాలి వచ్చింది. పాదు కిందేమో అచ్చం వరాలు గొంతుతో ఎవరో కూనిరాగం తీస్తున్నారు. సూరమ్మ మాత్రం కూతురు అలిగిందనుకుని నవ్వుకుంది.

మూడో రోజు కాకరకాయ కూర. ఈసారి వరాలు దగ్గరికి పోకుండా గడపలోంచే ముద్దని విసిరేసింది. అదో పెద్ద తెలివి అనుకుంది పాపం.

"ఇది ఎవరి ముద్ద?" అంది పాదు. జవాబు కూడా అదే చెప్పుకుంది. "వరాలు ముద్ద. నా ముద్ద."

ఆ సాయంత్రం సూరమ్మ దీపం పెట్టి, "వరాలూ, అన్నానికి రా" అని పిలిచింది.

"వస్తున్నానమ్మా" అంటూ పాదు కిందనించి ఒక పిల్ల లేచి వచ్చింది. అదే మొహం, అవే జడలు. గోళ్ళలో మట్టి ఒక్కటే తేడా. వచ్చి వరాలు పీట మీద కూర్చుంది.

గుమ్మంలో నిలబడ్డ వరాలుని చూసి సూరమ్మ, "ఎవరమ్మాయివమ్మా నువ్వు? చీకటిపడుతోంది, మీ అమ్మ వెతుక్కుంటుంది. ఇంటికెళ్ళు తల్లీ" అంది.

కన్నతల్లి నోట ఆ మాట! పేరు పెట్టిన ముద్ద ఇంకొకరి నోట పడకూడదని అమ్మ ఎందుకనేదో వరాలుకి అప్పుడు తెలిసింది. అమ్మని పోగొట్టుకుంటే ఇంకేం మిగులుతుంది చెప్పు?

"తాత ముద్దొద్దు, నాన్న ముద్దొద్దు. మూడూ వరాలు ముద్దలే కావాలి" అంది పాదు పిల్ల. సూరమ్మ మురిసిపోయి, కాకరకాయ కూరతోనే మూడూ కలిపింది.

మొదటి ముద్ద ఎత్తేసరికి వరాలు ఒక్క గెంతు గెంతి నోట కరుచుకుంది. అబ్బ, చేదు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మింగింది. అప్పుడు గజ్జెలు ఘల్లుమన్నాయి.

రెండోది కూడా లాక్కుని మింగింది. గొంతు పెగిలింది. "అమ్మా, నేనే!" అని అరిచింది. సూరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది, పోల్చుకోలేకపోయింది.

మూడోదానికి పాదు పిల్ల సూరమ్మ మణికట్టు పట్టేసుకుంది. "ఆకలి" అంది. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉంది. అయినా వరాలు ఆ ముద్దని వదల్లేదు. అమ్మ వేళ్ళతో సహా నోట్లో కుక్కుకుని, ఒక్క మెతుకు జారకుండా నమిలి మింగింది.

"వరాలూ! వేళ్ళు కొరుకుతావేంటే?" అంది సూరమ్మ.

పీట ఖాళీగా ఉంది. దానిమీద కాస్త తడిమట్టి, అంతే.

ఆ రాత్రి వరాలుకి నిద్ర పడితే ఒట్టు. తన పేరు తనకి దక్కింది, అమ్మ దక్కింది. కానీ "ఆకలి" అన్న మాట చెవిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల పేరు పెట్టి ఎవరూ ఎప్పుడూ ముద్ద కలపలేదు కాబోలు!

మర్నాడు తన మూడు ముద్దలూ తిన్నాక, "ఇంకొక్కటి కలపవే అమ్మా" అంది.

"ఎవరి ముద్దే?"

వరాలు కాస్త ఆలోచించి, "తీగమ్మ ముద్ద" అంది.

దాన్ని ఆకులో పెట్టుకెళ్ళి పాదు కింద ఉంచింది. మట్టిచెయ్యి వచ్చింది. కానీ ముద్దని ముట్టుకోలేదు.

"ఇది ఎవరి ముద్ద?"

"తీగమ్మ ముద్ద."

ఆ చెయ్యి ముద్దని ఒక్క వేలితో తాకి చూసింది. ఆ తర్వాత, "నాకేనా?" అని వినిపించింది. ఆ గొంతు వరాలుది కాదు, ఇంకెవరిదీ కాదు, అచ్చంగా తీగమ్మదే.

కాకర ముద్ద నోట్లోకి,
కమ్మని నిద్ర కంట్లోకి,
కథేమో కంచి ఊళ్ళోకి,
నువ్వేమో నా ఒళ్ళోకి!