ఒకే జాడీ ఉప్పు

అనగనగా ఏటి నడుమ ఒక లంక. అది నాదంటే నాదని ఇద్దరు రాజులు, ఒక్క తల్లి బిడ్డలే, ఏటేటా కొట్టుకు చచ్చేవారు. చచ్చేది వాళ్ళు కాదర్రా, మనబోటి వాళ్ళు! గెలిచినవాడు ఓడిన బంట్ల కుడి బొటనవేళ్ళు తెగ్గోయించి, దండ గుచ్చి కోట గుమ్మానికి కట్టించేవాడు. మామిడాకులు దొరకలేదు కాబోలు!

రేవులో పడవ నడిపే ఇంటి కోడలు గంగసాని. మామకి ఆ వేలు ఎప్పుడో పోయింది. ఈసారి మొగుడు పోలయ్యని పెదరాజు దండులోకి లాక్కుపోయాడు. వేలు పోతే తెడ్డు పట్టలేడు, తెడ్డు పట్టకపోతే పడవ కదలదు, పడవ కదలకపోతే పొయ్యి వెలగదు. ఊ కొడుతున్నారా, కునుకుతున్నారా?

ఆ రోజుల్లో ఒక కట్టడి ఉండేది. దండు దిగాక ఒకే ఇంటి ఉప్పు తిన్నవాళ్ళు ఒకరి మీద ఒకరు కత్తెత్తకూడదు. ఎత్తిన రాజు వెంట కుక్కైనా నడవదు. అందుకే ఇద్దరూ యుద్ధానికి ఎవరి ఉప్పు వాళ్ళే తెచ్చుకునేవారు. ఆ ఉప్పు గోతాలు లంకకి దాటించేది గంగసాని పడవే. నడి ఏట్లో అడుగుపలకల సందున కుక్కిన పీచు లాగేసింది. నీళ్ళెక్కి పెదరాజు ఉప్పు కరిగింది. మర్నాడు చినరాజు ఉప్పూ కరిగింది. ముసలి పడవ దొరా, అని గుండెలు బాదుకుంది.

రెండు రోజులు చప్పిడి కూడు. మూడోనాడు గంగసాని ఊరేసిన ఉసిరికాయ పచ్చడి పంపింది. రాజులు తిన్నారు, బంట్లు వేళ్ళు నాక్కున్నారు. నోరు చచ్చినవాడికి ఊరగాయలో ఉప్పుందని గుర్తుంటుందా?

తెల్లారి భేరీ మోగింది. గంగసాని ఖాళీ జాడీ చంకనెత్తుకుని రెండు దండుల మధ్యకి వచ్చింది.

“పచ్చడి ఎలా ఉంది దొరా?”

“అమృతమే!” అన్నాడు పెదరాజు.

“మరి చినదొరకో?”

“ఇంకా ఉందా?”

“లేదు దొరా. జాడీ ఒకటే. సగం అటు, సగం ఇటు.”

అంతే, ఎవరో ముసలి బంటు కత్తి కింద పడేశాడు. ఆ వెనక ఖంగు, ఖంగు, ఖంగున అన్నీ పడ్డాయి.

“మోసం!” అని అరిచాడు పెదరాజు.

“మోసమే దొరా. వేళ్ళ దండ కన్నా నయం కదూ?”

ముందు చినరాజు నవ్వాడు. అన్నకీ ఆగలేదు. లంకని చెరిసగం పంచుకుని, గట్టు మీద ఉసిరి మొక్క నాటించారు.

పోలయ్య పది వేళ్ళతో ఇంటికొచ్చాడు. మామ వేలు లేని చేత్తోనే అన్నం కలుపుకుని, “ఈసారి ఉప్పు కాస్త తగ్గించమ్మా కోడలా” అన్నాడట!

కత్తి పట్టే చెయ్యీ, అన్నం కలిపే చెయ్యీ ఒకటేనర్రా. కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పటి దారి పట్టండి.