పల్లకీలో కూర్చున్న నొప్పి

పెద్దవాళ్ళ కాళ్ళు నేల ఎరగని కాలమది. దివాను సోమరాజును కొండమీది కోటకు మోస్తున్న నలుగురు బోయీల్లో గవరయ్యకు భుజం వాచిపోయింది. "కాస్త దించుకుంటాం దొరా" అని బతిమాలాడు.

పల్లకీలో నాలుగో లడ్డు నములుతున్న దివాను కసిరాడు. "నొప్పి ఉన్నచోట కాదురా, అది పుట్టినచోట చెయ్యాలి వైద్యం! ఒంటిపూట తిని, రోజూ కోసెడు దూరం నడిస్తే ఒళ్ళు తేలికై నొప్పులన్నీ పోతాయి. ఊఁ, పదండి!"

గవరయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతను సైగ చెయ్యగానే నలుగురూ పల్లకీని దారిమధ్యలో దించేశారు. "మా నొప్పి పుట్టింది మీ బరువులోంచే దొరా. ఆ లడ్లు అక్కడ పెట్టి, దిగి నడవండి. మా భుజాలు బాగవుతాయి."

"కోటకెళ్ళగానే నీ వీపు చిట్లగొట్టిస్తాను!" అని దివాను అరిచాడు.

"కొట్టించండి. దానికైనా ముందు కోటదాకా నడవాలిగా!"