హోయా తీగ మీద ఎండుపుల్ల

నాంచారమ్మ అరవై ఆరో ఏట ఆశ్రమానికి వచ్చింది. పదో శ్లోకం నోటికి వచ్చేసరికి మొదటిది పోయేది. ఏడాది చూసి, గురువు పేరిందేవమ్మ ముందు కూర్చుంది.

“నన్ను పంపించేయండమ్మా. ఈ బుర్రలో ఏదీ నిలవదు.”

పేరిందేవమ్మ వసారాలో కుండీలోంచి వేలాడుతున్న, మైనపు పూలు పూసే హోయా తీగను చూపించింది. “దాన్ని చూసుకో. పూశాక వెళ్దువుగాని.”

నెల తిరక్కుండానే తీగ ఆకులు పసుపు తిరిగాయి, మందపాటి ఆకులు కూడా ముడతలు పడ్డాయి. దాహమనుకుని నాంచారమ్మ మరో చెంబు పోసింది.

పేరిందేవమ్మ వచ్చి కుండీలోంచి మొక్కను పైకి తీసింది. వేళ్లు నల్లబడి, కుళ్లు వాసన వేస్తున్నాయి.

“రోజుకెన్నిసార్లు పోశావు?”

“మరిచిపోతానేమోనని, గుర్తొచ్చినప్పుడల్లా పోశానమ్మా.”

“మతిమరుపు మనిషికి ఇన్నిసార్లు గుర్తొచ్చిందా?”

నాంచారమ్మ తల వంచుకుంది. పేరిందేవమ్మ కుళ్లిన వేళ్లు కోసేసి, కొబ్బరి పీచు ముక్కలూ ఇసకా కలిపిన చిన్న కుండీలో తీగను నాటింది. కొన్నాళ్లు ఆరనిచ్చాక, ఆ కుండీని నాంచారమ్మ చేతుల్లో పెట్టింది.

“తేలిగ్గా ఉందా?”

“దూదిలా ఉందమ్మా.”

“ఇలా ఉన్నప్పుడే నీళ్లు పొయ్యి. నువ్వు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అదే చెబుతుంది.”

తీగ తేరుకుంది. ఒకచోట మాత్రం వేలి కణుపంత పుల్ల ఒకటి, ఆకు లేదు, చిగురు లేదు, ఎండినట్టే ఉంది. నాంచారమ్మ కత్తెర తెచ్చింది. పేరిందేవమ్మ తన అరచేతిని ఆ పుల్లకు అడ్డం పెట్టింది. కత్తెర ఆగిపోయింది.

చలి పోయి ఎండలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం వసారా అంతా తేనె వాసన. నాంచారమ్మ తలెత్తి చూసింది. ఆ ఎండుపుల్ల చివరే, గొడుగులా, ఇరవై ముప్పై పూలు. మైనంతో పోత పోసినట్టు గులాబి రంగు చుక్కలు, ఒక్కొక్క దాని నడుమ ఎర్రటి చిన్న నక్షత్రం. ఊపిరి తగిలితే రాలిపోతాయేమోనని కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

పూసింది కాబట్టి మర్నాడు సంచి సర్దుకుని సెలవు తీసుకోవడానికి వచ్చింది.

పేరిందేవమ్మ ఆవిడ చూపుడు వేలు పట్టుకుని, పూలకింద ఆ పుల్ల పొడుగునా మెల్లగా నడిపించింది. సన్నటి గాట్లు వేలికి తగిలాయి, ఒకదాని మీద ఒకటి.

“ఏమిటివి?”

“ఏవో మచ్చలమ్మా. వరసలు వరసలుగా ఉన్నాయి.”

“ఒక్కో వరస ఒక్కో ఏటి పూత. ఇదివరకటి పువ్వు ఒక్కటైనా ఉందా?”

“లేదమ్మా. నా శ్లోకాల్లాగే అన్నీ రాలిపోయాయి.”

“మరి ఇవి ఎక్కడ పూశాయి?”

నాంచారమ్మ వేలు అక్కడే ఉండిపోయింది. రెండో చేతిలోని సంచిని కింద పెట్టింది.