నాంచారమ్మ గాజుల తాడు

కంచెలపాలెంలో గాజులమ్మే నాంచారమ్మ అని ఒకామె ఉండేది. గాజులు తొడగడంలో ఆమెను మించినవాళ్లు లేరు, ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పడంలోనూ లేరు.

ఆమె గంప నెత్తిన పెట్టుకుని వీధిలో అడుగుపెట్టిందంటే చాలు, ఆడవాళ్లంతా అరుగుల మీదికి చేరేవారు. దారిలో ఆమెకు నీళ్లపాము కనిపిస్తే, వీధి సగానికి వచ్చేసరికి అది పడగ విప్పిన తాచు అయ్యేది. వీధి చివరికి వచ్చేసరికి దానికి జంట కూడా తోడయ్యేది. "నాంచారమ్మ మాటల్లో ముప్పాతిక తీసేసి వినాలే తల్లీ!" అని అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఉత్త నిజం చెబితే ఎవరు వింటారు అన్నది ఆమె వాదన.

ఆ కోతలన్నీ ఇష్టంగా వినే మనిషి మాణిక్యం. ఆమెకు యాభై ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. తండ్రి ఆమె పేర రాసిచ్చిన పెంకుటింట్లో తమ్ముడు కోటిలింగంతో కలిసి ఉండేది. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి ఆమె కుడిచెయ్యి విరిగింది. కట్టు సరిగ్గా పడక బొటనవేలి కింద ఎముక ఉబ్బిపోయింది. ఆ చేతికి రెండు ముప్పావు సైజు గాజు తప్ప మరేదీ ఎక్కేది కాదు. అది కూడా నాంచారమ్మ సబ్బునురగ రాసి, వేళ్లు మడిచి, కబుర్లు చెబుతూ చెబుతూ ఎక్కించాల్సిందే.

"నీ కోతలు వింటుంటే నొప్పే తెలియదే నాంచారీ!" అనేది మాణిక్యం.

నాంచారమ్మకు ఇంకో అలవాటు ఉండేది. వాడుకగా కొనేవాళ్లకు ఎవరికి గాజులు తొడిగినా, అలాంటిదే మరో గాజు తెచ్చి ఇంట్లో తాడుకు గుచ్చుకునేది. రేపు ఒకటి చిట్లితే అదే రంగు, అదే సైజు వెతికి తేవాలి కదా! తాడు మీద ఏ గాజు ఎవరిదో ఆమెకు కంఠతా వచ్చు.

ఒక ఏడాది నాంచారమ్మ గాజుల గంపతో పొరుగూరి తిరునాళ్లకు వెళ్లి నాలుగు రోజులకు తిరిగొచ్చింది. వచ్చేసరికి మాణిక్యం ఊళ్లో లేదు. ఏమైందని అడిగినవాళ్లకు కోటిలింగం ఒక పళ్లెం తెచ్చి చూపిస్తున్నాడు. అందులో డజను ఆకుపచ్చ గాజులు ఉన్నాయి.

"మా అక్కకు వైరాగ్యం పుట్టింది. ఆదివారం సాయంత్రం గాజులు తీసి దేవుడి దగ్గర పెట్టి, కాశీయాత్ర వాళ్లతో వెళ్లిపోయింది. ఇక రానంది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

నాంచారమ్మ ఒక గాజు తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది. రంగు మాణిక్యం గాజుల రంగే. కానీ పళ్లెంలో అన్నీ రెండుంపావు సైజువే. ఆ గాజు మాణిక్యం పిడికిలి దాటి పోయే ప్రశ్నే లేదు. మరి ఎక్కని గాజును తీసేదెలా?

ఆమె గాజు పళ్లెంలో పెట్టి, నేరుగా పోలీసుస్టేషనుకు నడిచింది.

ఎస్సై సాల్మన్ ఆమె మాట శ్రద్ధగా విన్నాడు. కలం తీసి రాసుకోవడం మొదలుపెట్టాడు. అంత పెద్దమనిషి తన మాటలు రాసుకుంటుంటే నాంచారమ్మ నాలుక ఊరుకుంటుందా! "అదొక్కటే కాదండీ! ఆదివారం సాయంత్రం మాణిక్యం పెట్టిన కేక నా చెవులారా విన్నాను. వాడు గోనెసంచి బండిలో వేసుకుని కాలువ వైపు తోలుతుంటే ఈ రెండు కళ్లతో చూశాను!" అంది.

మర్నాడు సాల్మన్ ఆమెను పిలిపించాడు.

"ఆదివారం నువ్వు తిరునాళ్లలో గాజులమ్ముతున్నావని పదిమంది చెప్పారు. నీ చెవులు అంత దూరం వింటాయా నాంచారమ్మా?"

"గాజుల సంగతి మాత్రం నిజమండీ!"

"కేక సంగతి కూడా నిజమనే చెప్పావు" అని ఆయన కాగితం మడిచి సొరుగులో పడేశాడు. అబద్ధంతో పాటు నిజం కూడా ఆ సొరుగులోకే పోయింది.

ఇక కోటిలింగం ఆగడాలు చూడాలి! అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, నాంచారమ్మ కనిపిస్తే చాలు, "ఏమే, ఇవాళ ఏం చూశావు? నేను పులి మీద ఊరేగుతుంటే చూడలేదూ?" అనేవాడు. వీధంతా గొల్లుమనేది. తన మాటలకు నవ్విన వీధే తన మీద నవ్వుతోంది. నాంచారమ్మ ఇంటికి పోయి తాడు మీది ఆకుపచ్చ గాజును పట్టుకుని భోరున ఏడ్చింది. వాణ్ణి కాపాడింది ఏ ప్లీడరూ కాదు, తన నోరే! ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏడ్చి ఏడ్చి లేచింది. మొహం కడుక్కుని, తాడు భుజాన వేసుకుని, మళ్లీ స్టేషనుకు వెళ్లింది.

"అయ్యా, కేక నేను వినలేదు. గోనెసంచి చూడలేదు. రెండూ నేను కల్పించినవే. దానికి నన్ను లోపలెయ్యాలంటే వెయ్యండి. కానీ ఇదిగో, ఈ గాజు మాణిక్యానిది. ఆ పళ్లెంలోవి మాణిక్యానివి కావు. ఇంతకు మించి ఒక్క మాట కూడా నాకు తెలియదు."

"నమ్మను పొమ్మంటే?"

"రేపొస్తా. ఎల్లుండొస్తా. మీకు బదిలీ అయితే మీ తర్వాత వచ్చే అయ్య దగ్గరికి కూడా వస్తా. ఈ మాటే చెబుతా. మార్చను, పెంచను."

సాల్మన్ చెయ్యి చాపి తాడు అడిగి తీసుకున్నాడు. తర్వాత కోటిలింగం ఇంటికి వెళ్లి, పళ్లెంలోని గాజును తాడు మీది గాజులో దూర్చి చూశాడు. అది ఎక్కడా తగలకుండా జారిపోయింది.

అప్పుడు మొదలైంది అసలు విచారణ. కాశీయాత్ర తీసుకెళ్లిన పెద్దాయన, మాణిక్యం తమతో రానేలేదని చెప్పాడు. మాణిక్యం కళ్లజోడు లేనిదే బియ్యంలో రాయి కూడా ఏరలేని మనిషి. ఆ కళ్లజోడు కిటికీలోనే ఉంది. బస్తీలో గాజుల కొట్టాయన కోటిలింగాన్ని చూడగానే గుర్తుపట్టాడు. "ఏ సైజు కావాలండీ అంటే, ఆడవాళ్ల సైజు అన్నాడు. అలా అడిగినవాణ్ణి ఎలా మరిచిపోతాను?" అన్నాడు. కోటిలింగం బండి పలకల సందులో ఆకుపచ్చ గాజుముక్కలు దొరికాయి. వాటి మీద సన్నటి బంగారు గీత ఉంది. తాడు మీది గాజుకు కూడా అదే గీత. మాణిక్యం మాత్రం దొరకలేదు. కాలువ పోయి పోయి సముద్రంలో కలుస్తుంది మరి.

కేసు కోర్టుకు వచ్చింది. శవం లేదు, కళ్లారా చూసినవాళ్లు లేరు, కేసు నిలబడదు అని ఊళ్లో అందరూ తీర్మానించేశారు. కోటిలింగం తరఫు ప్లీడరు దీక్షితులు అంటే జిల్లాలో అందరికీ హడల్. నాంచారమ్మ బోనెక్కగానే ఆయన చిరునవ్వు నవ్వాడు.

"ఏమమ్మా, కేక విన్నానని పోలీసులకు చెప్పావా?"

"చెప్పానండీ. అబద్ధం చెప్పాను."

కోర్టు గొల్లుమంది. జడ్జిగారు బల్ల మీద కొట్టారు.

"అయితే నువ్వు కేక వినలేదు. సంచి చూడలేదు. నా క్లయింటు ఏ తప్పు చేస్తుండగానూ నువ్వు చూడలేదు. అంతేనా?"

ముద్దాయి బోనులో కోటిలింగం మీసం మీద చెయ్యి వేశాడు. వెనక బల్లల మీద వీధి ఆడవాళ్లంతా నాంచారమ్మనే చూస్తున్నారు. చూశానని ఒక్క మాటంటే వాడి పని అయిపోతుందేమో! మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"చూడలేదండీ. ఎన్నిసార్లు అడిగినా చూడలేదనే చెబుతా. కానీ నేను చూసింది ఒకటుంది. అది కూడా ఎన్నిసార్లడిగినా మార్చను. ఆ పళ్లెంలో గాజులు మాణిక్యం చేతికి ఎక్కవు. ఎక్కని గాజులు తీసి పెట్టిందని వీడు చెప్పాడు. మా మాణిక్యం ఏమైందో వీణ్ణి చెప్పమనండి!"

"ఆ తాడు నిన్న గుచ్చి తెచ్చినదేమో! ఈ కోతలరాయుడమ్మ జ్ఞాపకాన్ని కోర్టు ఎలా నమ్మాలి?" అన్నాడు దీక్షితులు.

"పరీక్ష పెట్టండి. నేను పారిపోను!" అంది నాంచారమ్మ తల ఎగరేసి.

జడ్జిగారు వెనక బల్ల మీది ఒకామెను లేపి ముందుకు రమ్మన్నారు. నాంచారమ్మ తాడు తడిమి ఒక ఎర్రగాజు ముడి విప్పి ఇచ్చింది. ఆమె చేతి గాజుకు అది అచ్చంగా జత. రెండో ఆమెను పిలిచారు. పసుపురంగు గాజు, అదీ సరిపోయింది. మూడో ఆమె నీలంగాజులు వేసుకుని ఉంది. తాడు మీద ఒక నీలంగాజు ఉంది. నాంచారమ్మ దాన్ని పట్టుకుని, ఆమె చేతి పక్కన పెట్టి చూసింది. రంగు దాదాపు ఒకటే.

నాంచారమ్మ గాజు వదిలేసింది. "దగ్గరగా ఉంది గానీ ఇది ఈమెది కాదండీ. ఈమెకు నేనెప్పుడూ గాజులు తొడగలేదు. ఈమెది నా తాడు మీద లేదు."

"నేను ఆ ఊరి దాన్ని కాదండీ. వేరే కేసు పని మీద వచ్చాను" అంది ఆ మూడో ఆమె.

దీక్షితులు ఇంక ప్రశ్నలు లేవని కూర్చున్నాడు.

వారం తర్వాత తీర్పు వచ్చింది. జడ్జిగారు మాణిక్యం పేరనున్న ఇంటి సంగతి, కళ్లజోడు సంగతి, గాజుల కొట్టు సంగతి, బండి సందులో ముక్కల సంగతి ఒక్కొక్కటే చదివారు. చివరికి నాంచారమ్మ సంగతికి వచ్చారు. "ఈ సాక్షి ఒకప్పుడు అబద్ధం చెప్పింది. కానీ ఈ కోర్టులో, చూడని చోట చూడలేదంది. లేని చోట లేదంది. అందువల్లే ఆమె ఉందన్న చోట ఉందని నమ్ముతున్నాను" అన్నారు. కోటిలింగానికి యావజ్జీవ శిక్ష పడింది.

ఆ సాయంత్రం నాంచారమ్మ గంప దించగానే వీధి ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. "చెప్పవే! తీర్పు వినగానే వాడు కుప్పకూలి పడిపోయాడటగా?"

"లేదు. తల దించుకున్నాడు. పోలీసులు తీసుకుపోయారు."

"అంతేనా?"

"అంతే" అంది నాంచారమ్మ. ఆమె ఒడిలో ఉన్న తాడు మీద ఎరుపుకూ పసుపుకూ మధ్య ఒక గాజు పట్టేంత జాగా ఖాళీగా ఉంది. అక్కడుండే మాణిక్యం గాజు ఇప్పుడు కోర్టు బీరువాలో ఉంది. ఆమె ఆ జాగాలో ఇంకో గాజు ఎప్పటికీ గుచ్చలేదు.

నిజంతో మనం కలిపే అబద్ధం ఎంత మంచికోసమైనా ఆ నిజాన్నే మింగేస్తుంది. చూసినంతే చెప్పి, ఎవరు నవ్వినా ఆ మాట మీదే నిలబడితే, గాజంత చిన్న నిజం కూడా న్యాయాన్ని గెలిపిస్తుంది.